ప్రాంప్టరక్క వాంగ్మూలం

లాయరమ్మ ఫోను పెట్టేసిన మరుక్షణం ప్రాంప్టరక్క పొయ్యి మీద పాలున్న సంగతి మర్చిపోయింది. మొగుడి దుకాణానికి ఫోను చేసి, ఆయన "హలో" అనేలోపే "ఏవండీ, నాకు డైలాగులొచ్చాయి!" అని అరిచింది.

ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఆ క్షణాన కంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత మరను పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉన్నాడు. మర ఎటో ఎగిరిపోయింది. "ఏ నాటకంలో..." అన్నాడు బల్ల కింద వెతుక్కుంటూ.

"నాటకంలో కాదండీ, కారు యాక్సిడెంటు కేసులో! వచ్చే నెల పన్నెండో తారీఖున. అవతలి లాయరు ప్రశ్నలడుగుతాడట, నేను జవాబులు చెప్పాలట. నేనన్న ప్రతి మాటా ఒకావిడ కూర్చుని టైపు చేస్తుందట! ప్రతి మాటా అండీ! అది పుస్తకంలా కుట్టి కోర్టుకి పంపుతారట!"

ఇక్కడ పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మామూలు రోజైతే తనను తానే పది తిట్లు తిట్టుకునేది. ఆ రోజు మాత్రం మసిగుడ్డతో తుడుస్తూ కూనిరాగం తీసింది. వాంగ్మూలం ఇవ్వాలంటే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. ఈవిడకి మాత్రం కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

ఆ సంబరం దేనికో అర్థం కావాలంటే ఆవిడ పనేమిటో తెలియాలి. ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, దాన్ని రేషను కార్డు తప్ప ఎవరూ వాడరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక నాటక సమాజంలో తెర పక్కన, ప్రేక్షకులకు కనబడని మూల, చెక్క స్టూలు మీద కూర్చుని నటులకు మాట అందించడమే ఆవిడ పని. ఒళ్ళో పుస్తకం, పుస్తకం మీద నీలం కాగితం చుట్టిన చిన్న దీపం, ఎడమవైపు రంగస్థలం. వేళ్ళు పుస్తకం మీద నడుస్తుంటే తల ఎడమకు తిరిగి నటుల మీద ఉంటుంది. ఎవరికైనా మాట పోయిందా, ఒక ముక్క విసురుతుంది. అది నటుడి చెవికి చేరాలి, మొదటి వరుసలో కూర్చున్నవాడికి చేరకూడదు. జనానికి వినబడితే పని చెడినట్టు. వినబడకపోతే ఆవిడ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ కొన్ని లక్షల మాటలు పలికింది, అందులో ఒక్కటీ ఆవిడది కాదు.

ఆ సమాజంలో రాజు వేషాలు వేసే ఆయనొకడున్నాడు. అందరూ మతిమరుపు మహారాజంటారు. సింహాసనం మీద కూర్చున్నాడంటే సగం డైలాగులు గాల్లో కలిసిపోతాయి. ఆయనకొచ్చిన బిరుదులూ శాలువాలూ అన్నీ ఒకచోట పోగేస్తే, న్యాయంగా సగం ప్రాంప్టరక్క బీరువాలో ఉండాలి. ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు, పాపం. శాలువా మాత్రం ఇవ్వడు.

ఎనిమిది నెలల కిందట ఒక పగటిపూట, సమాజంలో సెట్లు కట్టే వడ్రంగి కారులో ఆవిడ రిహార్సలుకు వెళుతోంది. ఎర్రదీపం పడితే కారు ఆగింది. ఆవిడ ఒళ్ళో పుస్తకం తెరిచి, ఎడమవైపు కిటికీకేసి తల తిప్పి, వడ్రంగితో ఏదో చెబుతోంది. వెనక నుంచి ఒక కంపెనీ కారు వచ్చి ఆగకుండా గుద్దింది. రక్తం చుక్క కారలేదు. పుస్తకం కూడా నలగలేదు. కానీ మెడ ఎముకల మధ్య ఉండే మెత్తటి డిస్కు జారింది. ఆ రోజు నుంచి ఆవిడ తల ఎడమవైపు తిరగదు. ఎవరైనా ఎడమ పక్క నుంచి పిలిస్తే బస్సు మలుపు తిరిగినట్టు మనిషంతా తిరగాల్సిందే.

డాక్టరు ఆపరేషను చేస్తే మెడ తిరుగుతుందన్నాడు. ఆ ఖర్చు గడియారాలు బాగుచేసి తెచ్చేది కాదు. గుద్దిన కారుకు బీమా ఇచ్చిన కంపెనీ భరించాలి. బీమా కంపెనీ ఏమో, "వయసు యాభై దాటింది, ముప్పై ఏళ్ళు మెడ పక్కకు తిప్పి కూర్చునే పని. ఇది పాత నొప్పే, ఆ కారు వల్ల వచ్చింది కాదు" అంటోంది. అదీ పేచీ.

ఆవిడకు కావలసింది మాత్రం ఆ స్టూలు. ఆవిడ లేని ఎనిమిది నెలలూ వేషాల బట్టలు చూసే ఆయన మాట అందించాడు. ఆయన అందిస్తే మూడో వీధికి వినబడుతుంది. ఒకసారి మహారాజు నోరు తెరిచేలోపే తెర వెనక నుంచి డైలాగు మొత్తం వచ్చేసరికి జనం బట్టలాయనకే చప్పట్లు కొట్టారు. దర్శకుడు తల పట్టుకుని ప్రాంప్టరక్క ఇంటికొచ్చాడు. "అక్కా, కొత్త నాటకం మొదలయ్యేలోపు నువ్వొస్తే స్టూలు నీదే. రాలేకపోతే నటుల చెవుల్లో పెట్టే మిషన్లు కొంటాం. ఒకసారి కొన్నాక ఇక మనిషితో పనుండదు. నీకు చెప్పకుండా చేయడం నాకిష్టం లేదు" అన్నాడు. మంచివాడు కాబట్టే ఆ మాట ముల్లులా దిగింది. కొత్త నాటకానికి ఐదు నెలలుంది.

కాబట్టి ఆ పన్నెండో తారీఖు మీదే అంతా ఆధారపడి ఉంది.

లాయరమ్మ ఆఫీసు చెప్పుల దుకాణం పైన. మెట్లెక్కుతుంటే జిగురు వాసన గుప్పుమంటుంది. ప్రాంప్టరక్క రిహార్సలు మొదటి రోజు అరగంట ముందే వెళ్ళి కూర్చుంది. లాయరమ్మ చిన్నది, ఆవిడ కూతురి ఈడుది. జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది.

"చూడండమ్మా, ఇది కోర్టు కాదు. ఆఫీసు గదే. కానీ ప్రమాణం చేయిస్తారు, కాబట్టి కోర్టుతో సమానం. నిజమే చెప్పాలి. అడిగినదానికే చెప్పాలి. తెలియకపోతే తెలియదనాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆయన ప్రశ్న పూర్తిగా అడిగేదాకా మీరు నోరు తెరవకూడదు. సరేనా? మొదలుపెడదాం. ప్రమాదం జరిగినప్పుడు మీరు కారులో ఎక్కడ కూర్చున్నారు?"

ప్రాంప్టరక్క వెన్ను నిటారుగా పెట్టి అందుకుంది. "ఆ రోజు ఉదయం సుమారు పదకొండు గంటల ప్రాంతంలో, నేను మా సమాజపు వడ్రంగిగారి కారులో ముందు సీటులో కూర్చుని ఉండగా, కామా, కూడలి వద్ద ఎర్రదీపం..."

"కామా ఏంటమ్మా?"

"మీరు పోయినసారి రాసుకున్న కాయితంలో అక్కడ కామా ఉంది. జిరాక్సు తీయించి, మీ ప్రశ్నలతో సహా కంఠస్థం పట్టేశాను. ఒక్క అక్షరం పొల్లుపోదు, కావాలంటే పుస్తకం పట్టుకుని చూసుకోండి."

లాయరమ్మ ముక్కు తుడుచుకుంది. "అదే వద్దు. పాఠం అప్పజెప్పినట్టుంటే ఎవరూ నమ్మరు. మీ మాటల్లో చెప్పండి."

"నా మాటల్లోనా?" అంది ప్రాంప్టరక్క. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడతో అన్నవాళ్ళు లేరు. సంతోషమూ వేసింది, దిక్కు కూడా తోచలేదు. నా మాటలు ఎలా ఉంటాయబ్బా అని కాసేపు ఆలోచించింది. తర్వాత మెల్లగా, తడబడుతూ, కామాల్లేకుండా చెప్పింది. బాగానే వచ్చింది.

ఇద్దరికీ ఊపొచ్చింది. లాయరమ్మ ప్రశ్న మీద ప్రశ్న వేస్తోంది. "గుద్దిన తర్వాత మీరు..." అని తుమ్ము కోసం ఆగింది. "కారు దిగి ఎవరితోనైనా మాట్లాడారా" అంది ప్రాంప్టరక్క గుసగుసగా. "కారు దిగి ఎవరితోనైనా మాట్లాడారా?" అంది లాయరమ్మ. జవాబు వచ్చింది. "ఆస్పత్రికి అదే రోజు..." మళ్ళీ తుమ్ము. "వెళ్ళారా, మర్నాడు వెళ్ళారా." "వెళ్ళారా, మర్నాడు వెళ్ళారా?" ఇలా నాలుగు ప్రశ్నలు నడిచాక లాయరమ్మ చెయ్యెత్తింది.

"ఆగండి. ఇప్పుడు నేనడిగిన ప్రశ్న ఎవరిది?"

"మీదే. మూడో పేజీలో కింద నుంచి రెండోది."

"మరి నాకెవరు చెప్పారు?"

ప్రాంప్టరక్క నాలిక్కరుచుకుంది. లాయరమ్మ రెండు చేతులతో తల పట్టుకుని, కాసేపటికి ఆ చేతుల సందుల్లోంచే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, ఒక్కసారిగా ఆపేసింది.

"అమ్మా, ఇది నవ్వులాట కాదు. అవతల వచ్చేది పెద్దాయన. నలభై ఏళ్ళ సర్వీసు. గొంతు పెంచడు, బెదిరించడు. ప్రశ్న సగంలో ఆపి ఊరుకుంటాడు. ఆ మౌనం భరించలేక ఎదుటివాళ్ళు ఏదో ఒకటి వాగేస్తారు. ఎంతమంది ఆ గోతిలో పడ్డారో నాకు తెలుసు. మీరేమో ఎవరైనా ఆగితే చాలు, అందించేస్తున్నారు."

"ఆగితే నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది" అని ఒప్పుకుంది ప్రాంప్టరక్క.

"ఇంకొకటి. మూడేళ్ళ కిందట మీరు మెడనొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళారు కదా?"

వెళ్ళింది. రెండు వారాలు వరుసగా ఒకే పెద్ద నాటకం ఆడారు. మెడ పట్టేసింది. డాక్టరు పూతమందు రాశాడు. వారంలో తగ్గింది. ఆ తర్వాత ప్రమాదం జరిగేదాకా ఒక్క నాటకం మానలేదు.

"ఆయన అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచొద్దు. దాచితే కేసే కాదు, పరువు కూడా పోతుంది. కానీ అడక్కపోతే మీ అంతట మీరు ఆ విషయం ఎత్తొద్దు. ఎత్తారంటే కొరివితో తల గోక్కున్నట్టే. 'చూశారా, పాత జబ్బే' అని అక్కడే పట్టుకుని కూర్చుంటారు. ఆపరేషనూ లేదు, స్టూలూ లేదు."

చివరి రెండు మాటలు విన్నాక ప్రాంప్టరక్క మెట్లు దిగేటప్పుడు కూనిరాగం తీయలేదు. కానీ ఆవిడ దిగులు సబ్బునురగ లాంటిది, వీధి చివరిదాకా నిలవదు. బస్సెక్కేసరికి పట్టుదలగా మారిపోయింది. నోరు మూసుకోవడం కూడా ఒక విద్యే కదా, నేర్చుకుంటే రాదా?

ఆ రాత్రి నుంచే ఇంట్లో సాధన మొదలైంది. భోజనాల బల్లే ఆఫీసు గది. మొగుడు పెద్ద లాయరు. కూతురు పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాసే పిల్ల, టైము విషయంలో మహా ఖచ్చితం. ఫోన్లో స్టాప్‌వాచీ పెట్టుకుని కూర్చుంది.

పెద్ద లాయరు వేషానికి ఆయన్ని మించినవాడు దొరకడు. ఆయన పుట్టి బుద్ధెరిగి ఒక వాక్యం పూర్తి చేసిన పాపాన పోలేదు. పెళ్ళిచూపుల్లోనే "మీకు నేను..." అని ఆగితే, "నచ్చారు" అని ఆవిడే అందించింది. కాపురం అలాగే సాగిపోయింది.

"మీరు ఆ రోజు కారులో..." అన్నాడాయన.

"వెళుతుండగా" అంది ఆవిడ.

"మూడు సెకన్లు" అంది కూతురు. "అమ్మా, మూడే మూడు సెకన్లు. సిగ్గులేదూ?"

రెండోసారి నాలుగు. మూడోసారి మళ్ళీ మూడు. కూతురు ఒక ఉపాయం కనిపెట్టింది: నాన్న ఆగగానే అమ్మ నోటినిండా నీళ్ళు పోసుకోవాలి. కాసేపు బాగానే పనిచేసింది. ఆయన "ఆ గుద్దిన కారు రంగు..." అని ఆగి, నిజంగానే ఏ రంగో గుర్తు తెచ్చుకుంటూ నోరు తెరుచుకుని పైకప్పు వంక చూస్తుంటే, ప్రాంప్టరక్క నవ్వాపుకోలేక నీళ్ళన్నీ పెద్ద లాయరు ముఖాన కొట్టింది.

అయినా పట్టు వదల్లేదు. వారానికి పదకొండు సెకన్లు. రెండో వారానికి నలభై. నీళ్ళు లేకుండా, పెదాలు కదలకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. నెల తిరిగేసరికి తొంభై సెకన్లు! కూతురు లేచి గంతులేసింది. పక్కింటివాళ్ళు గోడ మీద తట్టారు.

ఈ సాధన వల్ల ఇంట్లో ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. ఆవిడ అందించడం మానేసేసరికి పాపం ఆయనే తన వాక్యాలు పూర్తి చేసుకోవాల్సి వచ్చింది. ఒకరోజు ప్రశ్న అడగబోయి ఆగాడు. ఆవిడ ఊరుకుంది. ఇరవై సెకన్లు గడిచాక, "నువ్వు నాటకం నుంచి ఇంటికొచ్చాక కూడా కాసేపు గుసగుసగానే మాట్లాడేదానివి. కూర వడ్డించమన్నా గుసగుసే. ఎనిమిది నెలలుగా మామూలుగా మాట్లాడుతున్నావు. నాకు అది బాగోలేదు. ఆ గుసగుసే కావాలి" అన్నాడు. ఒక్క గుక్కలో అన్ని వాక్యాలు ఆయన నోట విన్నది ఆవిడ అదే మొదటిసారి. స్టాప్‌వాచీ నడుస్తూనే ఉంది. కూతురు దాన్ని ఆపడం మర్చిపోయింది.

పన్నెండో తారీఖు రానే వచ్చింది. పొద్దున్నే మహారాజు ఫోను. "అక్కా, నీకు ధైర్యం చెబుదామని చేశాను. మనం జనం ముందుకెళ్ళేటప్పుడు భయం వేస్తే..."

"ఊపిరి నిండా పీల్చి, మెల్లగా వదిలి, అప్పుడు అడుగేయాలి. అది నీకు చెప్పింది నేనే కదయ్యా."

"అవునా? సరే, అదే చెయ్యి" అన్నాడు మహారాజు ఉదారంగా.

అది నాలుగో అంతస్తులో పొడుగాటి గది. మధ్యలో పొడుగాటి బల్ల, గాజు కూజా, ఇనుప కాళ్ళ కుర్చీలు. మొగుడూ కూతురూ బయట వరండాలో ఉండిపోయారు. ప్రాంప్టరక్కకు గుండె దడదడలాడుతోంది, కానీ భయంతో కాదు. తెర లేచే ముందు నటుల మొహాల్లో చూసిన వెలుగు ఇదేనన్నమాట అనుకుంది. ఇన్నాళ్ళూ ఆ వెలుగును మూడడుగుల దూరం నుంచి చూడడమే తప్ప ఎరగదు.

టైపు చేసే ఆవిడ సరిగ్గా ఎదురుగా కూర్చుంది. "నా వైపే చూసి చెప్పండమ్మా. పెదాలు కనబడితే నాకు తేలిక" అంది. పక్కన లాయరమ్మ. ఎడమవైపు బల్ల చివర పెద్ద లాయరు, ఆయన పక్కన చేతిలో ఫోనుతో ఒక జూనియరు. పెద్దాయన తెల్లగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాడు.

ప్రమాణం అయింది. ప్రశ్నలు మొదలయ్యాయి. ఎక్కడ కూర్చున్నారు, ఎటు చూస్తున్నారు, ఎంత చప్పుడైంది. ఆవిడ టైపావిడ వంక చూస్తూ, సొంత మాటల్లో, అడిగినంతవరకే చెప్పింది. ప్రతి జవాబు తర్వాత మీటలు టకటకమంటుంటే ఒళ్ళు పులకరిస్తోంది. నా మాట! అదీ నా మాటే!

అరగంటకు పెద్దాయన మొదటి వల విసిరాడు. "అయితే, గుద్దినప్పుడు మీకు నొప్పి వెంటనే..." అని ఆగాడు.

ఏమి ఆగడం! ప్రాంప్టరక్కకు చప్పట్లు కొట్టాలనిపించింది. మాట చివర సన్నగా పైకి తీసి, ఊపిరంతా వదిలేసి, తాపీగా ఆగాడు. పెద్ద నటుడు ఆగినట్టే ఉంది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇరవై. ముప్పై. నలభై. చివరికి ఆయనే పూర్తి చేయాల్సి వచ్చింది. రెండో వలా అంతే. లాయరమ్మ బల్ల కింద నుంచి ఆవిడ మోకాలు మీద మెచ్చుకోలుగా తట్టింది.

రెండో గంటలో పెద్దాయన ఫైలు తిరగేశాడు. "ఈ ప్రమాదానికి ముందు, మీరు ఎప్పుడైనా..." అన్నాడు. ఆగాడు.

మూడో వల అనుకుంది ప్రాంప్టరక్క. పది. పదిహేను. అప్పుడు ఆవిడ చెవికి ఏదో తేడాగా తగిలింది. కావాలని ఆగేవాడు ఊపిరి వదిలి ఆగుతాడు. మాట పోయినవాడు ఊపిరి పీల్చి ఆగుతాడు. ఈయన ఊపిరి పీల్చి బిగబట్టాడు. కాగితం మీద వేలి గోరు ఒకే వరుసలో ముందుకూ వెనక్కూ పోతున్న చప్పుడు. జూనియరు ఫోను చూసుకుంటున్నాడు. టైపావిడ తలెత్తబోతోంది. ఇంకొక్క క్షణం గడిస్తే నలభై ఏళ్ళ మనిషికి మాట పోయిందని గదిలో అందరికీ తెలిసిపోతుంది.

తొంభై సెకన్ల సాధన ఏ గంగలో కలిసిందో! కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. కుర్చీతో సహా ఎడమవైపు తిరిగి, ఒక్క ఆయన చెవి దాకా మాత్రమే చేరేలా, "మెడనొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళారా" అని అందించేసింది.

మాట ఎక్కడి నుంచి వచ్చిందో నటుడు ఎప్పుడూ చూసుకోడు, అందుకుంటాడంతే. "మెడనొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళారా?" అని పెద్దాయన గొంతు గదంతా మోగింది.

అప్పుడు గాని ఆవిడకు తానేం చేసిందో తెలియలేదు. పక్కన లాయరమ్మ పెన్ను ఆగిపోయింది. స్టూలూ, నీలం దీపమూ, పుస్తకమూ కళ్ళముందు నుంచి జారిపోయాయి. తన నోటితో తానే చేజేతులా చేసుకుంది. ఇంత బతుకూ బతికి ఇంటి వెనక చచ్చినట్టయింది. కానీ ప్రమాణం చేసింది.

"వెళ్ళానండి. మూడేళ్ళ కిందట, ఒక్కసారి" అంది.

పెద్దాయన దారిలో పడ్డాడు. గొంతు మళ్ళీ పదునెక్కింది. "అంటే ఇప్పుడున్నదీ ఆ పాత నొప్పే. ప్రమాదం వల్ల వచ్చింది కాదు. అవునా?"

ఈ ప్రశ్నకు లాయరమ్మ రిహార్సలు చేయించలేదు. కాగితంలో జవాబు లేదు. అందించేవాళ్ళు లేరు. ఆవిడ ఊపిరి నిండా పీల్చి, మెల్లగా వదిలింది.

"కాదండి. అప్పుడు నొప్పి ఉండేది, మెడ తిరిగేది. నొప్పితోనే తిప్పి పనిచేశాను, వారంలో తగ్గింది. ఇప్పుడు మెడే తిరగదు. ఇందాక మీకు మాట అందించడానికి కుర్చీ మొత్తం తిప్పాల్సి వచ్చింది, అందరూ చప్పుడు విన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా స్టూలు ఒక్కసారైనా చప్పుడు చేసిందేమో మా సమాజంలో ఎవర్నైనా పిలిచి అడగండి. చప్పుడైతే నన్ను ఆ రోజే పొమ్మనేవాళ్ళు."

జూనియరు ఫోను పక్కన పెట్టాడు. "అది మీరు కావాలని చేసి ఉండొచ్చుగా?"

"కావాలని ఎలా చేస్తాను బాబూ? ఆయన మర్చిపోతారని నాకు ముందే తెలియదు కదా."

టైపావిడ చేతులు మీటల మీద ఆగిపోయాయి. రాయాలా వద్దా అన్నట్టు పెద్దాయన వంక చూసింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. వద్దంటే వద్దే, అంత పెద్దమనిషి.

"రాయండమ్మా" అన్నాడాయన. "సాక్షి చెప్పింది నిజం. నాకు మాట పోయింది. ప్రశ్న ఆవిడే అందించింది. కుర్చీ తిప్పి అందించింది. అంతా రాయండి." తర్వాత ఫైలు మూసేశాడు. "ఇక నేనడగాల్సింది ఏమీ లేదు."

వరండాలోకి రాగానే లాయరమ్మ ఆవిడ రెండు భుజాలూ పట్టుకుంది. "నెల రోజులు! నెల రోజులు నోరు మూసుకోవడం నేర్పితే, చివరికి శత్రువుకి అందిస్తారా?" అని కేకలేసింది. కేకలేస్తూనే కౌగిలించుకుంది. మొగుడు ఏమైందో అడగబోయి "ఏమిటి, మనం..." అన్నాడు. ప్రాంప్టరక్క ఈసారి మాట అందించలేదు. గెలిచిందో ఓడిందో ఆవిడకే తెలియదు మరి.

వారం తిరక్కుండానే తెలిసింది. లాయరమ్మ ఫోను చేసేసరికి ప్రాంప్టరక్క బట్టలు ఆరేస్తోంది. బీమా కంపెనీ కోర్టుదాకా రాదట. ఆపరేషను ఖర్చంతా ఇస్తుందట, పని పోయిన నెలలకూ ఇస్తుందట.

"పెద్దాయన వాళ్ళకి ఏం చెప్పారో తెలుసా అమ్మా? నాతో ఫోన్లో ఆయనే అన్నారు. 'ఆ కాగితాలు ఏ జడ్జి చదివినా కేసు మనది కాదు. ఇచ్చేయండి' అన్నారట. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు."

ప్రాంప్టరక్క తడి చీర భుజాన వేసుకునే నేల మీద కూలబడి ఏడ్చింది. అంత సంతోషం ఒక్కసారిగా పట్టడానికి చోటు చాలలేదు. తర్వాత లేచి, ముక్కు చీదుకుని, డాక్టరుకు ఫోను చేసింది. ఇరవై ఆరో తారీఖు ఖాయం చేశారు. రెండు నెలల్లో మెడ తిరుగుతుందన్నారు. వేళ్ళ మీద లెక్కపెట్టింది. కొత్త నాటకానికి ఇంకా టైముంది.

దర్శకుడు ఫోను ఎత్తగానే ఆవిడ హలో కూడా అననివ్వలేదు.

"ఆ చెవుల మిషన్లు కొనకు బాబూ. స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వకు. కొత్త నాటకం పుస్తకం ఈ సాయంత్రమే నాకు పంపు."

"అక్కా, ముందు ఆపరేషను కానియ్యి. మెడ సంగతి చూసుకో."

"మెడది ఇరవై ఆరున కదా. చదవడానికి మెడ తిరగక్కర్లేదు. పంపు!"